మామ సంచి కట్టు: ఒక ఆటవెలదికి టీక, తాత్పర్యము

మూలము

మామ సంచి కట్టు మనమిద్దరమె సాలు
పోదమింక దీవి ఫూకెటునకు
పైస లెక్క సూత్త పదినాళ్ల తరువాత
ఇంట్ల జెప్పకోరి యేది గాని

అవతారిక

ఇది కోరుట్లలో పుట్టిన పద్యం. రాత్రి పదకొండు దాటాక సిరిసిల్లలోని ఒక ఫోనుకు చేరింది. కవి బీడీలు చుట్టే ఇంటి బిడ్డ. ఖతార్‌లో ఒక అగ్రిమెంటు ముగించుకొని వచ్చి, రెండో వీసా దొరికేదాకా జగిత్యాల కొత్త బస్టాండు దగ్గర ఒక సెల్‌ఫోన్ల దుకాణంలో కూచుంటున్నాడు. సంబోధితుడు సిరిసిల్లలో సాంచలు నడిపేవాడు. మరమగ్గం అనేది పత్రికలవాళ్ల మాట, ఆ ఊళ్లో అది సాంచె. ఇద్దరూ ఒకే హాస్టల్లో పదో తరగతి దాకా చదివారు. కవి గట్టెక్కాడు. మామ లెక్కల్లో తప్పాడు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, మూడో పాదంలో పనికొస్తుంది.

టీక రాయడం మన వైపు కొత్త విద్య కాదు. కాళిదాసు కావ్యాలకు సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథసూరిది మెదక్ జిల్లా కొల్చారం. ఆధారం లేనిది రాయను, అక్కర లేనిది చెప్పను అని ఆయన పెట్టుకున్న ఒట్టు ప్రసిద్ధం. ఈ టీకాకారుడు అందులో మొదటి సగమే పాటిస్తాడు. రెండో సగం కూడా పాటిస్తే నాలుగు పాదాల పద్యానికి ఇన్ని పుటలు ఎక్కడివి? మేఘదూతానికి టీక రాసిన ఆ మహానుభావుడు ఇవాళ ఉంటే ఈ పద్యాన్ని తప్పక చేపట్టేవాడని మా నమ్మకం. అందులో యక్షుడికి పడ్డ శాపం ఒక్క ఏడాదే. మా జిల్లాలో అగ్రిమెంటు రెండేండ్లు.

ఛందస్సు

ఆటవెలది. గణాలు పడ్డాయి, యతులు నిలిచాయి. హాస్టల్లో పద్యం అప్పజెప్పలేక బెత్తం దెబ్బలు తిన్నవాడు ఇంత సాఫుగా ఎట్లా కట్టాడని కొందరి అనుమానం. నరసింహ శతకం చెప్పిన శేషప్ప కవి ధర్మపురి ఈ జిల్లాలోనిదే కదా, గోదావరి నీళ్ల మహిమ అని సరిపెట్టుకోవాలి. "సూత్త" అన్నది జగిత్యాల పాఠం. ఈ పద్యాన్ని మరొకరికి పంపిన హైదరాబాదు లేఖకుడొకడు "సూస్త" అని దిద్దాడు. గణం చెడలేదు గానీ ఊరు చెడింది. మేము గ్రహించలేదు.

ప్రతిపదార్థము

మామ = ఓ మిత్రుడా (మేనమామ కాడు, పిల్లనిచ్చిన మామ అసలే కాడు); సంచి = వీపున మోసెడి సంచిని; కట్టు = సిద్ధము చేయుము; మనము ఇద్దరమె = నీవును నేనును మాత్రమే; సాలు = చాలుదుము; ఇంక = ఇకనైనను; ఫూకెటునకు = ఫుకెట్ అను; దీవి = ద్వీపమునకు (దీవికి పెట్టవలసిన విభక్తిని కవి ఊరి పేరుకు పెట్టినాడు, బస్సు బోర్డు రాయువాడును అట్లే చేయును); పోదము = వెళ్లుదము; పదినాళ్ల తరువాత = తిరిగి వచ్చిన పిమ్మట; పైస లెక్క = ఎవరు ఎవరికెంత ఈయవలెనను గణనమును; సూత్త = చూచెదను; ఓరి = ఓయీ; యేది గాని = ఎంత చిన్న ముక్కయైనను; ఇంట్ల = గృహమునందు; జెప్పకు = చెప్పకుము.

తాత్పర్యము

స్నేహితుడా, సంచి సర్దుకో, ఇద్దరం ఫుకెట్ వెళ్దాం, డబ్బు సంగతి తర్వాత చూసుకుందాం, ఇంట్లో చెప్పకు అని.

ఇంతే అయితే టీక దేనికి? చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఈ పద్యం చేతులు మారి మూడు ఊళ్లలో పెద్దల కంటబడినప్పుడు ఒక్కరంటే ఒక్కరు కూడా దీన్ని ఈ అర్థంలో చదవలేదు.

పూర్వవ్యాఖ్యలు

ఊరు దాటి పోవడానికి ఉత్తర తెలంగాణలో ఒక శాస్త్రం ఉంది. ఉద్యమకాలపు సభల్లో దాన్ని మూడు ముక్కల్లో చెప్పేవారు: బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. మూడూ పని కోసం పోయేవే. సిరిసిల్ల నుంచి మగ్గమెరిగిన కుటుంబాలు బివండికి పోయాయి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి నుంచి ఎడారికి పోయారు. ఎడారిలో ఏ దేశమన్నది ఇక్కడ లెక్క కాదు. రియాద్ పోయినా, మస్కట్ పోయినా, కువైట్‌లో ఒంటెలు కాసినా "దుబాయ్ పోయిండు" అనే అంటారు. యాభై ఏండ్లుగా సముద్రం దాటడమంటే ఇక్కడ ఒకటే అర్థం. కాబట్టి "పోదము" అన్న క్రియ కనబడగానే పూర్వవ్యాఖ్యాతలకు పాత టీక నోటికొచ్చింది.

కవి తండ్రి వ్యాఖ్య: "ఏం కంపిని?"

చిన్నాయిన వ్యాఖ్య: "జీతమెంత? తిండి కంపినిదా, మనదా?"

ఎదురింట్లో దమ్మామ్ నుంచి వచ్చి స్థిరపడ్డ పెద్దమనిషి మహావ్యాఖ్య: "ఏజెంటు లేకుండ ఎట్ల పోతరు? ఖల్లివెల్లి అయితరు."

ఖల్లివెల్లి అనే పారిభాషిక పదం కోరుట్లలో చంటిపిల్లలకు కూడా తెలుసు గానీ, దూరప్రాంతపు పాఠకుల కోసం చెప్పాలి. కంపెనీ వదిలి, కాగితాలు లేక, పోలీసు కంటబడకుండా బతికే గల్ఫ్ కూలీ దశకు ఆ పేరు. ఇద్దరు పోరగాండ్లు ఏజెంటు లేకుండా, కంపెనీ లేకుండా, జీతం లేకుండా దేశం దాటడమంటే పెద్దాయన శాస్త్రం ప్రకారం పోకముందే ఖల్లివెల్లి అయినట్టే. ఆయన తర్కంలో దోషం లేదు.

"పనికి కాదు నాయినా, తిరగనీకి" అని కవి స్వయంగా అర్థం చెప్పాడు. కవి చెప్పిన అర్థమే ప్రమాణమని ఏ ఆలంకారికుడూ ఒప్పుకోడు, వీళ్లూ ఒప్పుకోలేదు. "తిరగనీకైతే అంత దూరమెందుకు? యేములాడ లేదా, కొండగట్టు లేదా?" అన్నారు. ఇక్కడ ఒక చమత్కారం ఉంది. ఫుకెట్ అనే పేరు మలయ భాషలో కొండను చెప్పే మాట నుంచి వచ్చిందంటారు. అంటే కొండగట్టున్న జిల్లావాడు ఎటు తిరిగినా కొండకే పోతున్నాడు. ఇది ఆ పెద్దలకు చెప్పి చూశాం. వాళ్లు నవ్వలేదు.

మొదటి పాదం

"సంచి" దగ్గర ఆగాలి. ఈ జిల్లాలో విమానం ఎక్కేవాడి సామాను ఎట్లా ఉంటుందో శంషాబాదు విమానాశ్రయంలో నిలబడ్డ ఎవరైనా చెబుతారు. ముప్ఫై కిలోల పెట్టె ఉంటుంది. దాని పక్కన తాడుతో అడ్డం నిలువు బిగించిన అట్టపెట్టె ఉంటుంది. దాని మీద నల్లటి మార్కరుతో పేరు, ఊరు, మండలం, ఫోను నంబరు. లోపల మామిడికాయ తొక్కు, కారప్పొడి, సకినాలు, వాటి నడుమ పగలకుండా చుట్టిన దేవుడి పటం. వచ్చేటప్పుడు అదే అట్టపెట్టెలో టాంగ్ పొడి, నిడో డబ్బాలు, యాక్స్ ఆయిల్ సీసాలు, పులిబొమ్మ కంబలి. ఆ కంబలి కప్పుకుంటే మా ఎండలకు మనిషి ఉడికిపోతాడు, అయినా తేకుండా వచ్చినవాడు లేడు.

ఇప్పుడు కవి "సంచి కట్టు" అన్నాడు. పెట్టె అనలేదు. చౌక విమానంలో చేతిసామానుకు ఇచ్చేది ఏడు కిలోలు, అంతకు మించితే రుసుము. వీపు మీద సంచి, రెండు చేతులూ ఖాళీ. రెండు చేతులూ ఖాళీగా విమానం ఎక్కినవాణ్ణి కోరుట్ల అదివరకు చూడలేదు. ఈ పద్యంలో విప్లవం ఏదైనా ఉంటే ఈ రెండక్షరాల్లోనే ఉంది.

"మనమిద్దరమె సాలు": ఈ "ఎ" కారం అవధారణార్థకం, అంటే మూడోవాడు వద్దని గట్టిగా చెప్పడం. దీని వెనుక చరిత్ర ఉంది. ఇంతకు ముందు పదిమందితో గోవా పోవాలని ఒక వాట్సాప్ గుంపు పుట్టింది. తెలుగు దేశాల్లో ఇటువంటి గుంపు లేని ఫోను అరుదు. మొదటి వారం హోటళ్ల ఫోటోలు వచ్చాయి, రెండో వారం ఒకడి అక్క పెళ్లి వచ్చింది, మూడో వారం నుంచి అందులో శుభోదయాలూ సంతాపాలూ మాత్రమే వస్తున్నాయి. అందుకే ఇద్దరు. ఇద్దరైతే అద్దె స్కూటీ మీద సరిపోతారు, ఒకడు అలిగితే బతిమాలడానికి ఇంకొకడు మిగులుతాడు.

ఈ పాదానికి అసలు వ్యాఖ్య, ఇద్దరూ ఫుకెట్ చేరి దిగిన పటాంగ్‌లోని ఒక హాస్టల్ గదిలో దొరుకుతుంది. సంచి మోసుకు తిరిగే యూరపు పిల్లలు దిగే చోటు అది. గదికి ఎనిమిది పడకలు, ఇనుప నిచ్చెనతో మంచం మీద మంచం, తల దగ్గర ఒక ప్లగ్గు, కాళ్ల దగ్గర తువాలు ఆరేసుకునే కమ్మీ, బయట ఉమ్మడి స్నానాల గది. తలుపు తీయగానే మామ మురిసిపోయాడట. కవి మాత్రం గడపలోనే నిలబడిపోయాడు. ఖతార్‌లో కంపెనీ క్యాంపులో రెండేండ్లు పడుకున్నది ఇదే మంచం. ప్లగ్గూ కమ్మీ అచ్చం అక్కడే ఉన్నాయి. తేడా అల్లా అక్కడ కంపెనీ జీతమిచ్చి పడుకోబెట్టింది, ఇక్కడ ఎదురు పైసలు కట్టాలి. కింది పడకలో ఉన్న జర్మనీ కుర్రవాడు ఇంత మంది మధ్య పడుకోవడం తనకు ఎంత కొత్తగా ఉందో, ఎంత స్వేచ్ఛగా ఉందో వర్ణించాడట. కవికి వచ్చిన ఇంగ్లీషులో దానికి జవాబు లేదు. "సేమ్ సేమ్" అన్నాడు. ఆ ద్వీపంలో అందరూ అనే మాటే అది.

రెండవ పాదం

దీవి. పురాణాల ప్రకారం దీవులు ఏడు, వాటిని చుట్టుకొని ఏడు సముద్రాలు. మన జంబూద్వీపం చుట్టూ ఉప్పునీరు, ప్లక్షద్వీపం చుట్టూ చెరకురసం, శాల్మలీద్వీపం చుట్టూ సుర, అంటే కల్లు, సారా వగైరా. ఫుకెట్ చుట్టూ ఉన్నది అండమాన్ సముద్రం, అందులో ఉన్నది ఉప్పునీరే కనుక అది జంబూద్వీపంలోదే అని ఒక పక్షం. పటాంగ్‌లోని బంగ్లా రోడ్డును దీపాలు పెట్టాక చూసినవాళ్లది శాల్మలీ పక్షం. సాయంత్రమైతే ఆ వీధిలోకి బండ్లను రానీయరు. రెండు వైపులా బార్లు, నడుమ ప్రపంచమంతా. అక్కడ మందును చిన్న ప్లాస్టిక్ బకెట్లో ఐసుతో, శీతల పానీయంతో కలిపి, నాలుగు గొట్టాలు గుచ్చి ఇస్తారు. లొట్టితో కల్లు తాగిన వంశంలో పుట్టినవాళ్లకు పాత్ర చూసి వింత అనిపించదు. ధర చూసి అనిపిస్తుంది.

అసలు ఫుకెట్ దీవేనా అన్న శంక కూడా ఉంది. థాయిలాండ్‌లో అన్నిటికంటే పెద్ద దీవి అదే, కానీ సారాసిన్ వంతెన దాటితే ప్రధాన భూమి. వంతెన ఉన్నంత మాత్రాన దీవి దీవి కాకుండా పోదని మా సిద్ధాంతం. దీనికి ప్రమాణం బహ్రెయిన్. 1986లో సౌదీ నుంచి ఆ దీవికి 25 కిలోమీటర్ల కాజ్‌వే వేశారు. తమ దేశంలో దొరకని వినోదాల కోసం సౌదీవాళ్లు వారాంతాల్లో ఆ దారిన మనామాకు పోతుంటారు. కాబట్టి ఉల్లాసద్వీపం అనేది జగిత్యాలకు తెలియని వస్తువు కాదు. మావాళ్లు ఎన్నో ఏండ్లుగా అటువంటి దీవిలోనే ఉన్నారు, టైల్స్ వేస్తూ, కప్పులు కడుగుతూ, పార్టీ అయిపోయాక గచ్చు తుడుస్తూ. దీవిలోకి ముందు తలుపు నుంచి పోవడమే కొత్త.

"ఫూకెటు" అన్న దీర్ఘం ఛందస్సు కోసం సాగదీసిందని ఆక్షేపించేవారికి జవాబు: థాయి పలుకుబడిలో ఆ మొదటి అక్షరం దీర్ఘమే. కవికి థాయి రాదు. ఆటవెలదికి వచ్చినట్టుంది.

పాఠాంతరం ఒకటి ప్రచారంలో ఉంది: "పోదమింక దీవి ఫంగనునకు". కో ఫంగన్ అనే చిన్న దీవిలో హాద్ రిన్ ఇసుక మీద ప్రతి పున్నమికీ తెల్లవార్లూ ఆట పాట జరుగుతుంది. 1980లలో మొదలైన ఆచారం. బౌద్ధ పర్వం అదే తిథికి పడితే జాతరను మరో రోజుకు జరుపుతారు. తిథి చూసి తాగే జనం మీద మన పంచాంగకర్తలకు గౌరవం కలగాలి. ఈ పాఠాన్ని సమర్థించేవారి వాదం గట్టిది: కో ఫంగన్ ఉన్నది గల్ఫ్ ఆఫ్ థాయిలాండ్‌లో. అక్కడికి పోతే ఇంట్లో అబద్ధమాడకుండా "గల్ఫ్ పోతున్న" అని చెప్పవచ్చు. ఎంత సౌకర్యమైన పాఠమో! కానీ "పో"కు "ఫం"తో యతి కుదరదు. వదిలేశాం.

సంచారవిశేషాలు

హైదరాబాదు జేబీఎస్‌లో ఇద్దరూ కలుసుకున్నారు, ఒకడు జగిత్యాల బస్సు దిగి, ఒకడు సిద్దిపేట మీదుగా వచ్చి. కోరుట్ల నుంచి అక్కడికి బస్సులో పట్టిన సేపు కంటే శంషాబాదు నుంచి ఫుకెట్‌కు విమానంలో పట్టిన సేపు తక్కువ. 2025 జనవరి ఆఖరు నుంచి నేరు విమానం ఉంది. అప్పటికి వీసా గొడవ లేదు, 2023 నవంబరులో థాయిలాండ్ భారతీయులకు మాఫీ చేసింది, 2024 జూలైలో ఉండే గడువు 60 రోజులకు పెంచింది. 2025 మే నుంచి మాత్రం దిగేలోపు ఒక ఆన్‌లైన్ ఫారం నింపాలి. పైసా అక్కర లేదు. పైసా అక్కర లేని కాగితం నిజమైనదంటే కవి చిన్నాయిన చివరిదాకా నమ్మలేదు.

మన వైపు ఇమిగ్రేషన్ కౌంటరు దగ్గర మాత్రం పద్యం మరోసారి తప్పు చదువుకు గురైంది. పదో తరగతి తప్పినవాడి పాస్‌పోర్టు ఈసీఆర్ రకం. అటువంటివాడు పద్దెనిమిది దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వం అనుమతి కావాలి. ఆ పద్దెనిమిదింట్లో సౌదీ, ఖతార్, కువైట్‌లతో పాటు థాయిలాండూ ఉంది, బాలి ఉన్న ఇండోనేషియా కూడా ఉంది. షికారుకు పోవడానికి ఆ అనుమతి అక్కర లేదు గానీ, షికారుకే పోతున్నావని అధికారి నమ్మాలి కదా. మామ ముఖం చూశాడు, చేతులు చూశాడు, పాస్‌పోర్టు చూశాడు. పనికా అని అడిగాడు. కాదు సార్, తిరగడానికి అన్నాడు మామ. ఏం పని చేస్తవన్నాడు. సాంచలు నడుపుత అన్నాడు మామ. హోటల్ బుకింగు, తిరుగు టికెట్టు, చేతిలో పైసలు అన్నీ చూపించాక ముద్ర పడింది. ఆ అధికారి కూడా కోరుట్ల పెద్దల సంప్రదాయంలోని వ్యాఖ్యాతే, జీతం మాత్రం ఢిల్లీ ఇస్తుంది.

మిరుగు దాటాక పోయారు కనుక గదులు చవక, సముద్రం కోపంగా ఉంది. వానకాలంలో అక్కడి ఒడ్డున ఎర్రజెండా పాతితే నీళ్లలో దిగకూడదు. కవికి ఈత వచ్చు, వ్యవసాయ బాయిలో, నడుముకు బెండు కట్టుకొని నేర్చిన ఈత. బాయిలో ఎటు కొట్టుకుపోయినా గోడ తగులుతుంది. ఇక్కడ గోడ ఎక్కడో ఆఫ్రికా దగ్గర ఉంది. మోకాటి లోతులో నిలబడి ఫోటో దిగారు, అది చాలు. ఇసుకలో కూచొని కోరుట్ల బీడీ వెలిగించబోతే పక్కవాడు చెయ్యి పట్టుకొని ఆపాడట. ఆ ఒడ్డున పొగ తాగడం నేరం, జుర్మానా లక్ష బాత్‌ల దాకా పోవచ్చు. మూడు తరాలుగా బీడీల మీద బతికిన ఇల్లు ఒక్క బీడీకి మునిగిపోయేది.

సంచిగాళ్ల యూనిఫారం అక్కడ ఏనుగుబొమ్మల పాయిజామా. ప్రతి తెల్లవాడూ అదే వేసుకుంటాడు. కవి రెండు కొన్నాడు. మామ కొనలేదు. బట్టను రెండు వేళ్ల మధ్య నలిపాడు, వెలుతురుకు పట్టాడు, కుట్టు తిరగేసి చూశాడు. "రేయాన్. రెండు ఉతుకులు. మన దగ్గరైతే ఆసామి ముఖాన కొడతడు" అన్నాడు. పక్క దుకాణంలో మళ్లీ నలిపాడు. బతుకమ్మ చీరలు నేసిన ఊరివాడి చేతికి సెలవుండదు. ద్వీపమంతా పార్టీ చేసుకుంటుంటే మామ ఆ వీధి బట్ట మొత్తం తనిఖీ చేశాడు.

ఒక విశేషం మాత్రం పార్టీలో లేదు, పాత ఫుకెట్ పట్టణంలో ఉంది. రంగు రంగుల ఇండ్ల ముందు అందరూ ఫోటోలు దిగుతారు. ఆ ఇండ్లు తగరం సొమ్ము. పంతొమ్మిదో శతాబ్దంలో దక్షిణ చైనా నుంచి కూలీలు ఓడల్లో వచ్చి ఈ దీవిలో తగరపు గనులు తవ్వారు. ఇది వాళ్ల దుబాయి. 1876లో తిరగబడ్డారు కూడా. మా వైపు కూడా, జగిత్యాల యాత్ర అంటే 1978 నాటి రైతుకూలీల జైత్రయాత్రను, ఆ వెంటనే జగిత్యాల సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించిన సంగతిని తలచుకునే తరం ఇంకా ఉంది. ఆ తరంవాడెవడైనా ఈ ఇద్దరి వెంట ఉండి ఉంటే ఆ ఇండ్ల ముందు కాస్త ఎక్కువసేపు నిలబడేవాడు. వీళ్లు ఐస్‌క్రీము తిని వచ్చారు. తప్పేమీ లేదు, సెలవులో ఉన్నారు.

అయితే మూడో రోజు తెల్లవారుజామున బంగ్లా రోడ్డు నుంచి గదికి నడుస్తుంటే బర్మా కూలీలను కట్టడాల మీదికి తీసుకుపోయే ట్రక్కు ఎదురైంది. వెనక నిలబడ్డ మనుషులు, ముఖాలకు గుడ్డలు, చేతుల్లో టిఫిన్ డబ్బాలు. కవి ఆగి గడియారం చూసుకున్నాడట. ఇప్పుడు టైం ఎందుకురా అన్నాడు మామ. "ఓవర్‌టైం రాసుకుంటరా లేదా అని" అన్నాడు కవి.

నాలుగవ పాదం

అన్వయంలో నాలుగో పాదం మూడోదాని కంటే ముందుకు వస్తుంది. ప్రయాణానికి ముందు దాచవలసింది ఇది, తర్వాత తేల్చవలసింది అది.

ఇంట్లో ఎందుకు చెప్పకూడదు? థాయిలాండ్ పేరెత్తగానే మీసం కింద నవ్వే మగవాళ్ల సంగతి అందరికీ తెలుసు. అందుకే కవి పద్యంలో దేశం పేరు ఎత్తక దీవి పేరు ఎత్తాడు. దీన్ని ఔచిత్యమంటారు. కానీ తల్లి భయం ఆ నవ్వు గురించి కాదు. థాయిలాండ్‌లో కంప్యూటరు ఉద్యోగమని ఏజెంట్లు తీసుకుపోయి, సరిహద్దు దాటించి, మయన్మార్‌లో సైబరు మోసాల క్యాంపుల్లో పడేసిన పిల్లల కథలు ఉత్తర తెలంగాణ ఊళ్లలో ఇంటింటా చెప్పుకున్నారు. 2025 మార్చిలో మన వాయుసేన విమానాలు వెళ్లి థాయి సరిహద్దులోని మేసోట్ నుంచి వందలమందిని తెచ్చాయి, వాళ్లలో తెలంగాణ పిల్లలూ ఉన్నారు. ఆ వార్త విన్న తల్లికి మూడు నెలలు తిరగకముందే "ఫుకెట్ పోతున్న" అని చెప్పడం ఎవరి తరం?

ఇక్కడే పద్యంలో శ్లేష. "జెప్పకోరి" అన్నదాన్ని జెప్పకు, ఓరి అని విడదీస్తే చెప్పవద్దురా అని. జెప్ప, కోరి అని విడదీస్తే చెప్పాలని కోరి అని. ద్రుతం మీద సరళాదేశం రావాలి, "జెప్పఁగోరి" కావాలి అని వ్యాకర్త అడ్డం పడతాడు. కోరుట్ల గాలికి ద్రుతం నిలవదు. మేము రెండో విరుపునే సమర్థిస్తాం, దానికి ఆధారం ఉంది. కవి తల్లికి మాత్రం "హైదరాబాద్ ఇంటర్వ్యూ" అని చెప్పాడు. తల్లి ఇంకేమీ అడగలేదు. పొద్దున చూస్తే సంచిలో బట్టల కింద మూడు కిలోల సకినాలు, తొక్కు డబ్బా, యాక్స్ ఆయిల్ సీసా. హైదరాబాదుకు యాక్స్ ఆయిల్ పెట్టిచ్చే తల్లి ఉండదు. ఏడు కిలోల సంచిలో సగం తల్లే నింపింది. విమానాశ్రయంలో తూచినప్పుడు కవి తీసి పక్కన పెట్టినవి రెండు జతల బట్టలు, అందుకే అక్కడ పాయిజామాలు కొనవలసి వచ్చింది. సకినాలు జర్మనీ కుర్రవాడు కూడా తిన్నాడు.

మూడవ పాదం

"పైస లెక్క సూత్త". ఒక బాత్‌కు అప్పటికి రెండున్నర రూపాయల పైమాటే. గల్ఫ్ పోయివచ్చినవాడికి గుణకారం రక్తంలో ఉంటుంది. రియాల్ చేతికి రాగానే ఇరవై చిల్లరతో గుణించి మనసులో ఇల్లు కట్టుకుంటాడు. సంపాదించేచోట గుణకారం తీపి. ఖర్చుపెట్టేచోట అదే విద్య శత్రువు. ప్రతి బకెట్టు ముందు, ప్రతి టుక్‌టుక్ ముందు కవి గుణించాడు, గుణించినప్పుడల్లా తల్లి చుట్టే బీడీ కట్టలు కళ్ల ముందు లేచాయి. నాలుగో నాటికి గుణించడం మానేశాడు. ఆ మానడాన్నే పార్టీ అంటారని మామ నిర్వచనం.

మామ మాత్రం మానలేదు. లెక్కల్లో పదో తరగతి తప్పిన ఆ చెయ్యి ఫోనులో రోజువారీ ఖాతా రాసింది, కండెలు లెక్కపెట్టి షిఫ్టు రాసినట్టు: గది, స్కూటీ, బకెట్లు, పడవ, ఎర్రజెండా ఎగరడం వల్ల కదలని పడవకు కట్టి తిరిగి రాని అడ్వాన్సు. సకినాలకు కవి పేర జమ వేశాడు, ధర కోరుట్ల మిఠాయి దుకాణం రేటు.

"పదినాళ్ల తరువాత" అన్నచోట పది సంఖ్యావాచకమా, బహుత్వబోధకమా అని ప్రశ్న. పది రోజులే అయితే గడువు ఎప్పుడో దాటింది. కవి పక్షం బహుత్వం వైపు. ఈలోగా రెండో వీసా వచ్చింది, బహ్రెయిన్‌లో ఒక హోటల్లో. ఈసారి ముప్ఫై కిలోల పెట్టె, తాడు కట్టిన అట్టపెట్టె, మార్కరుతో పేరు. కంపెనీ ఏది, జీతమెంత, తిండి ఎవరిది అని అడిగితే అన్నిటికీ జవాబులున్నాయి. పూర్వవ్యాఖ్యాతలందరూ బస్టాండు దాకా వచ్చి సాగనంపారు. మామ కూడా వచ్చాడు, ఖాతా చూపించాడు. "మొదటి జీతం పడంగనే ఏత్త" అన్నాడు కవి.

ఎంత వేయాలన్నదానికి ఇప్పుడు రెండు పాఠాలున్నాయి. సిరిసిల్ల ప్రతిలో పద్నాలుగు వేలు. మనామా ప్రతిలో తొమ్మిది, అందులోనూ పాయిజామాల్లో ఒకటి మామే వేసుకుంటున్నాడు గనుక దాని ఖరీదు తగ్గించాలట.